డెంటింగ్, పెయింటింగ్ పనిలో కొత్తవారి శిక్షణపై తీర్మానం

విజయవాడ ఆటోనగర్‌లో డెంటింగ్, పెయింటింగ్ షెడ్లు నడుపుతున్న యజమానులు, వాటిలో పనిచేస్తున్న మేస్త్రీలు కలిసి ఆదివారం జరుపుకున్న సంఘం సర్వసభ్య సమావేశం కింది విషయాలను చర్చించి ఈ తీర్మానం చేసింది.

మనలో ఎవరికీ ఈ పని బడిలో రాలేదు. పానాలు అందించడం, రేకు తుడవడం, మేస్త్రీ చేత తిట్లు తినడంతో మొదలై నాలుగైదేళ్లకు చేయి తిరిగింది. అరచేయి ఆనించి డోరు మీద సొట్ట ఎక్కడుందో చెప్పడం, ట్యూబ్‌లైటు నీడ రేకు మీద తిన్నగా పడిందా, వంకర పోయిందా చూసి పుట్టీ ఇంకో పూత కావాలో వద్దో తేల్చడం ఏ పుస్తకమూ నేర్పదు. ఆ విద్యను ఈ సమావేశం తక్కువ చేయడం లేదు.

అయితే షెడ్డుకు వచ్చే బండి మారింది. పాత అంబాసిడర్ రేకును ఎర్రగా కాల్చి సుత్తితో సాగగొట్టినా ఓర్చుకునేది. ఇప్పుడు ముందు, వెనక డోర్ల నడుమ నిలబడే బీ-పిల్లర్‌కు చాలా మోడళ్లలో బోరాన్ కలిపిన అతి గట్టి ఉక్కు వాడుతున్నారు. దాన్ని గ్యాస్ మంటతో కాలిస్తే బలం పోతుంది, పైకి మాత్రం తెలియదు. రంగు వేశాక అసలే తెలియదు. మనలో ఒకరి షెడ్డులోనే అలా కాల్చి సరిచేసిన కారు రెండోసారి గుద్దుకుని తిరిగి వచ్చింది. కోసి తీసిన పిల్లర్ ముక్కను సమావేశంలో బల్ల మీద పెట్టి అందరికీ చూపించాం. సరిగ్గా కాల్చిన చోటే మడత పడింది. మడత పక్కన పెచ్చు లేచిన పుట్టీ, దాని మీద ఇంకా నిగనిగలాడుతున్న క్లియర్ కోటు. పని చేసిన మేస్త్రీకి ముప్పై ఏళ్ల అనుభవం ఉంది. ఈ ఉక్కు సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

2022 జనవరి నుంచి తయారయ్యే ప్రతి కొత్త కారులో ముందు సీట్లకు రెండు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి. ఎలక్ట్రిక్ కార్లు కూడా మన గేటు దాటి లోపలికి వస్తున్నాయి. బ్యాటరీ వైరు విప్పకుండా వెల్డింగ్ పెట్టకూడదని, నారింజ రంగు కేబుల్ జోలికి శిక్షణ లేనివాడు పోకూడదని కుర్రవాడికి మొదటి వారమే తెలియాలి.

కాబట్టి, పని నేర్చుకోవడానికి చేరేవారికి రెండేళ్ల శిక్షణ క్రమం పెట్టాలని తీర్మానించడమైనది. బండి విప్పడం, విప్పిన బోల్టులను పేరు రాసి సంచుల్లో భద్రపరచడంతో అది మొదలవ్వాలి. తర్వాత చాసిస్ కొలతలు, ఆ తర్వాతే సుత్తి, డాలీ. మిగ్ వెల్డింగ్, స్పాట్ వెల్డింగ్ పాత రేకుల మీద వేయించి, ఆ అతుకును ఊడగొట్టి చూపించాలి. అతుకు ఊడి వస్తే మళ్లీ మొదటికి. పిల్లర్లు, చాసిస్ రైళ్లను కంపెనీ రిపేరు పుస్తకం చూడకుండా కోయడం గానీ కాల్చడం గానీ ఇకపై ఏ సభ్యుడి షెడ్డులోనూ జరగరాదు.

పెయింటింగ్‌కు పద్దెనిమిదేళ్లు నిండనివారిని తీసుకోరాదు. పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలో పెట్టినా చట్టప్రకారం నేరమని సభ్యులకు మళ్లీ గుర్తు చేయడమైనది. రెండు డబ్బాల రంగులో కలిపే హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు పడక ఉబ్బసం వచ్చిన పెయింటర్ జీవితాంతం ఆ వాసన చుట్టుపక్కలకు పోలేడు. మూతికి జేబురుమాలు కట్టుకుని స్ప్రే గన్ పట్టే అలవాటు ఈ రోజుతో ఆగాలి. తగిన కార్ట్‌రిడ్జ్ మాస్కు గానీ, బయటి గాలి అందే ముసుగు గానీ యజమాని ఖర్చుతోనే ఇవ్వాలి.

నలుగురు పనివారున్న షెడ్డు కూడా 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద అప్రెంటిస్‌ను పెట్టుకోవచ్చు. స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా కేంద్రం భరించే పథకమూ ఉంది. ఈ దారి చాలామంది సభ్యులకు తెలియదని చర్చలో తేలినందున, కాగితాల పని సంఘం ఆఫీసే చేసి పెట్టాలని నిర్ణయించడమైనది.

ఐటీఐల్లో ఆటో బాడీ రిపేరు, ఆటో బాడీ పెయింటింగ్ ఏడాది కోర్సులుగా ఉన్నాయి. వాటి ప్రాక్టికల్స్‌లో కొంత భాగం మన షెడ్లలో జరిపించాలని, చదువు రాని పాత మేస్త్రీలకు నైపుణ్య పరీక్షను తెలుగులో, నోటితో, పని చేయించి పెట్టాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాం. పిల్లర్ మార్చాలంటే "కొట్టి సరిచేయండి చాలు" అనే బీమా సర్వేయర్లను ఇకపై ఆ మాట రాసి సంతకం పెట్టమని అడగాలని కూడా తీర్మానించడమైనది.

నేర్పించి మనిషిని చేశాక షోరూము వాళ్లు రెండు వేలు ఎక్కువిచ్చి ఎత్తుకుపోతారని ముగ్గురు యజమానులు అభ్యంతరం చెప్పారు. అది నిజమే. నేర్పకపోయినా కుర్రవాళ్లు పోతూనే ఉన్నారని మేస్త్రీలు బదులిచ్చారు. ఓటింగ్ పెట్టగా ఆ ముగ్గురు వ్యతిరేకించారు, మిగిలినవారంతా ఒప్పుకున్నారు.

మొదటి బ్యాచ్‌లో చేరేవారి పేర్లు సోమవారం ఉదయం నుంచి సంఘం ఆఫీసులో రాసుకుంటారు. బల్ల మీద పెట్టిన పిల్లర్ ముక్క అక్కడే గోడకు వేలాడుతుంది.