స్టాల్ అద్దె దండగ కాదు

హైదరాబాద్ ఆబిడ్స్‌లో నాన్న పెట్టిన దుప్పట్ల దుకాణం మాది. ఏటా జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లోనూ స్టాల్ వేస్తాం. ‘ఆ అద్దె దండగ కదా!’ అంటారు చుట్టాలు. నేనొప్పుకోను. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టిన ప్రదర్శన ఇది. మాలాంటివాళ్లు కట్టే అద్దెల రాబడితో, దీన్ని నిర్వహించే ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతోంది. నుమాయిష్ మైదానం దగ్గరున్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ అలాంటిదే. మా అమ్మాయి బీకాం అక్కడే చదివింది.

2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో మంటలు రేగి ఎన్నో స్టాళ్లు కాలి బూడిదయ్యాయి. అయినా మరుసటి ఏడు నుమాయిష్ మళ్లీ జరిగింది. దానం చేసి ఫొటో దిగడంకన్నా అద్దె వేళకు కట్టి, నాసిరకం అంటగట్టకుండా అమ్మడమే వ్యాపారి ఊరికి చేసే మేలు. ఫోన్‌లో ఆర్డరు పెట్టేవాళ్లు ఈసారి టికెట్ కొని రండి. దుప్పటి అంచు లాగి చూసి, సగం ధరకే అడగండి. కొనకుండా మాత్రం వెళ్లకండి.