రచన: జానపదం

క్యాసెట్ డబ్బాలో మడిచి పెట్టే కాగితాన్ని ఇన్‌లే కార్డు అంటారు. 1996లో దాని మీద అక్షరాలు నింపడం నా ఉద్యోగం. సికింద్రాబాద్‌లో చిన్న క్యాసెట్ కంపెనీ. జానపద గీతాలు, భక్తి పాటలు, ఎన్నికలొస్తే పార్టీ పాటలు. కార్డు మీద నాలుగు వరుసలుండేవి: గానం, సంగీతం, సేకరణ, రచన. మొదటి మూడూ ఇట్టే నిండేవి. నాలుగో వరుస దగ్గర కలం ఆగితే పక్క టేబుల్ నుంచి ఎవరో ఒకరు అందుకునేవారు: "జానపదం అని వేసెయ్యవోయ్, గొడవుండదు."

నిజమే, గొడవుండేది కాదు. పాటకు కర్త లేకపోతే అడిగేవాడు ఉండడు, ఇచ్చేది ఉండదు. ఎన్ని కార్డుల మీద ఆ మాట రాశానో లెక్క లేదు. నేనొక్కణ్ణే కాదు. ఊళ్లు తిరిగి పాటలు పోగేసినవాళ్లం, వాటికి కీబోర్డు మీద రంగులద్దినవాళ్లం, సినిమా కోసం చరణాలు మార్చినవాళ్లం, పత్రికల్లో సమీక్షలు రాస్తూ "మట్టి వాసన" అని మురిసిపోయినవాళ్లం, అందరం కలిసే ఆ వరుసను ఖాళీ చేశాం.

అలాగని పాటల దొంగతనం మనకు తెలియదా? దాన్ని పట్టుకోవడం మనకు మహా సరదా. కొత్త సినిమా పాట విడుదలైన సాయంత్రానికి అది ఏ ఇంగ్లీషు ఆల్బమ్‌లోంచి లేపిందో, ఏ అరబ్బీ బాణీకి అనుకరణో రుజువులతో సహా తేల్చేస్తాం. మన బాణీ అటు వెళితే మాత్రం లెక్క వేరు. 'మిస్సమ్మ'లో సాలూరి రాజేశ్వరరావు కట్టిన 'బృందావనమది అందరిది' బాణీని 1957లో హిందీ 'మిస్ మేరీ' కోసం హేమంత్ కుమార్ వాడుకున్నారు. దాన్ని మనం నేటికీ గర్వంగా చెప్పుకుంటాం. పై నుంచి తెస్తే కాపీ, మన దగ్గర్నుంచి పోతే కీర్తి. మరి నాట్ల మడిలో విన్న బాణీని స్టూడియోకి మోసుకొస్తే? దానికి మేం పెట్టుకున్న పేరు సేకరణ.

'బండెనక బండి కట్టి' ఎవరిదని అడిగి చూడండి. పదిమందిలో తొమ్మిదిమంది గద్దర్‌ది అంటారు. 1980లో వచ్చిన 'మా భూమి'లో ఆయన గొంతు, ఆయన గొంగడి అలా నాటుకుపోయాయి. పాట కట్టింది సాయుధ పోరాట కాలపు కవి బండి యాదగిరి. ఆ సంగతి నాకు కాలేజీ రోజుల నుంచే తెలుసు. అయినా 2023 ఆగస్టులో గద్దర్ పోయిన రోజు ఓ వ్యాసంలో ఆ పాటను ఆయన రచనల వరుసలోనే చేర్చేశాను. అచ్చయ్యాక చూసుకున్నాను. దిద్దుబాటు పంపుదామనుకుని, సందర్భం బాగుండదని ఊరుకున్నాను. ఏ సందర్భమైతే బాగుండేదో ఇప్పటికీ నాకు తెలియదు.

2017 మార్చిలో మనం చేసింది ఇంకో రకం. అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి, అనుమతి లేకుండా తన పాటలు పాడవద్దంటూ ఇళయరాజా లాయరు నోటీసు పంపారు. మన బాలు మీద నోటీసా! ఇళయరాజాను అత్యాశపరుడన్నాం, అహంకారి అన్నాం. వేదిక మీద పాడినందుకు ఎవరు అనుమతి తీసుకోవాలి, గాయకుడా, కచేరీ నిర్వాహకుడా, ఆ డబ్బు ఎవరికి చేరాలి అన్న అసలు ప్రశ్నను ఆ కోపంలో తొక్కేశాం. నోటీసు తీరు మీద ఎవరి అభిప్రాయం వారిది కావచ్చు. కానీ ఆ రోజు తిట్టిన మాలో ఎంతమందిమి పాటకు పైసా కట్టాం? ఖాళీ క్యాసెట్ ఇచ్చి రికార్డింగ్ సెంటర్‌లో పాటలు నింపించుకున్నాం, తర్వాత వెబ్‌సైట్లలో ఉచితంగా దింపుకున్నాం. పెళ్లి వేడుకల్లో పాటకు రుసుము అక్కర్లేదని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఇచ్చింది. మనం దాన్ని జీవితమంతటికీ పొడిగించుకున్నాం.

సినిమావాళ్లు కనీసం కొట్లాడారు. ఒప్పందంలో వేరే మాట లేకపోతే పాట హక్కు రాయించుకున్న నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. పాడేవారికి మన చట్టంలో చోటే లేదని అదే తీర్పుకు విడిగా నాలుగు మాటలు చేర్చి జస్టిస్ కృష్ణయ్యర్ బాధపడ్డారు. గాయకులకంటూ ఒక హక్కు 1994 సవరణతో గానీ రాలేదు. ఘంటసాల పోయి అప్పటికే ఇరవై ఏళ్లు. 2012లో మరో సవరణ వచ్చింది. పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ రాయల్టీలో సమాన వాటా ఉండాలంది. ఆ వాటాను వారసులకో, రాయల్టీ వసూలు చేసే సంఘానికో తప్ప ఇంకెవరికీ రాసివ్వడం కుదరదంది. అది సినిమా పాటలకే కాదు, విడిగా రికార్డయిన పాటలకూ వర్తిస్తుంది. అంటే మేం గంపగుత్తగా కొనుక్కునే రోజులకు చట్టం అడ్డుకట్ట వేసింది. అయితే అది కర్త పేరున్న పాటలకు. పేరు దగ్గర జానపదం అని ఉంటే సమాన వాటా ఎవరితో పంచుకోవాలి?

2021లో 'సారంగ దరియా' వచ్చినప్పుడు ఈ ప్రశ్న కాసేపు వీధిన పడింది. అంతకుముందే ఆ పాటను టీవీలో పాడి జనానికి చేర్చిన జానపద గాయని తన పేరేదని అడిగింది. పాత పాటను తీసుకుని కొత్త చరణాలు రాశానని సుద్దాల అశోక్ తేజ అన్నారు. 'పల్లెటూరి పిల్లగాడా' రాసిన సుద్దాల హనుమంతు కొడుకాయన, జనం పాట విలువ ఎవరో చెప్పాల్సిన పని లేదు. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు పేరూ పారితోషికమూ ఇస్తామని ప్రకటించాక గొడవ సద్దుమణిగింది. మేం టీవీ చర్చల్లో కూర్చుని, జానపదం అందరి సొత్తని తీర్పులిచ్చాం. అందరి సొత్తన్నది నిజమే. కానీ అందరిదైన పాట మీద వచ్చే ఆదాయం అందరికీ రాదన్న ముక్క దగ్గర గొంతు తగ్గించాం.

నాకా గొంతు తగ్గడానికి సొంత కారణం ఉంది. 1996లో పాలమూరు నుంచి ఒకామె రికార్డింగ్‌కు వచ్చింది. 500 రూపాయలు, బస్సు చార్జీలు, వోచర్ మీద వేలిముద్ర. మైకు సరిచేస్తుండగా అడిగాను, ఈ పాట ఎవరు నేర్పారమ్మా అని. "ఎవరు నేర్పుతరు బిడ్డా. మా పెద్దోడు బొంబాయి పోయిన ఏడు కట్టిన. పల్లవి మా అమ్మది, చరణాలు నావి." పాటలో బొంబాయి రైలు ఉంది, మనియార్డరు రాని నెలలున్నాయి. మనియార్డరు ఉన్న పాట ఏ అనాది కాలపు జానపదమో నాకు తట్టకపోలేదు. ఆ సాయంత్రమే కార్డు రాశాను. సేకరణ దగ్గర నా పేరు. రచన దగ్గర ఆ మాట.

పోయినేడు ఆమె మనవడు ఫోన్ చేశాడు, ఇంజినీరింగ్ చదువుతున్నాడట. నాయనమ్మ పోయాక ఆమె ఫొటో పెట్టి, ఇంట్లో ఉన్న క్యాసెట్‌లోంచి పాటను యూట్యూబ్‌లో ఎక్కించాడు. గంటలోపే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. మా పాత కంపెనీ క్యాసెట్లు ఎవరో కొనుక్కున్నారు. రికార్డింగ్ హక్కు వాళ్లదే, 1996లో విడుదలైంది కాబట్టి 2056 దాకా ఉంటుంది. దాన్ని కాదనలేం. అయితే పాటకు రెండో హక్కు కూడా ఉంటుందని, మాటలూ బాణీ కట్టినవారిదని, వారు పోయిన తర్వాత 60 ఏళ్లు వారసులకు దక్కుతుందని ఆ కుర్రాడికి విడమరిచి చెప్పాను. చాలాసేపు విన్నాడు.

"అయితే నాయనమ్మే కట్టిందని చూపడానికి ఏమన్నా కాగితం ఉందా సార్? క్యాసెట్ మీద మీ పేరుంటే ఫోన్ చేసిన."

ఉన్న కాగితం ఆ కార్డొక్కటే. అది అతని చేతిలోనే ఉంది.