పన్ను ఊడింది... ఖర్చు ఎవరిది?

2024 ఆగస్టులో ఒక సాయంకాలం. ఓ.పి. ముగించి చేతులు కడుక్కుంటూంటే పదిమంది దాకా జనం గుంపుగా ఆసుపత్రిలోకి వచ్చారు. మధ్యలో తొమ్మిదేళ్ళ కుర్రవాడు. పెదవి వాచింది, చొక్కా నిండా నెత్తురు. బడి ఆవరణలో క్రికెట్టు ఆడుతూంటే ఒక పిల్లవాడు వెనక ఎవరున్నారో చూడకుండా బ్యాటు విసిరాడు. వెనక నిలబడ్డ వీడి పైవరుస ముందుపన్ను వేరుతో సహా ఊడి వచ్చింది. బ్యాటు పట్టినవాడికి పదకొండేళ్ళు. రెండిళ్ళూ ముదిగుబ్బలో ఒకే వీధిలో ఉన్నాయి.

"పన్ను యాడుందప్పా?" అని తండ్రిని అడిగాను.

జేబులోంచి నోటుపుస్తకం కాగితంతో కట్టిన పొట్లం తీశాడు. "ఇదో సార్. స్టేషన్లో చూపిచ్చాలని జాగ్రత్తగా పెట్టినాము."

దెబ్బ తగిలింది మధ్యాహ్నం రెండు గంటలకు. మా దగ్గరికి వచ్చేసరికి అయిదు కావస్తోంది. ఈ మూడు గంటలూ ఏం జరిగిందయ్యా అంటే, వేరుశనగ చేలో కలుపు తీస్తున్న తల్లికి కబురు పెట్టారు, ఎదుటివాళ్ళ ఇంటిముందు వాదులాడారు, బడిలో పంచాయితీ పెట్టారు, ఆ తర్వాత పోలీసుస్టేషనుకు వెళ్ళారు. అక్కడి కానిస్టేబులే "ముందు పిల్లోణ్ణి ఆసుపత్రికి తీసుకపోండి" అని పంపించాడట. ఈలోగా పన్ను కాగితంలో ఎండిపోయింది.

ఊడిన పన్ను చచ్చిన పన్ను కాదు. దాని వేరుచుట్టూ పల్చని పొర ఒకటి ఉంటుంది. ఆ పొరలోని కణాలు బతికి ఉన్నంతసేపూ పన్ను మళ్ళీ తన గుంటలో అతుక్కునే అవకాశం ఉంటుంది. గాలికి ఆరిపోతే అరగంటలోనే వాటిలో చాలా భాగం పాడవుతుంది. గంట దాటితే ఆశ దాదాపు వదులుకోవలసిందే. అందుచేత మొదట చేయవలసిన పని పన్ను వెతకటం. తెల్లగా కనబడే పైభాగాన్నే పట్టుకోవాలి, వేరును ముట్టకూడదు. మట్టి అంటుకుంటే చల్లని నీటిధార కింద కొద్ది క్షణాలు పట్టి తీసేస్తే చాలు. రుద్దడం, సబ్బు, డెట్టాలు పనికిరావు. పసుపు అద్ది తెచ్చిన పన్ను కూడా నేను చూశాను. ధైర్యం ఉన్నవాళ్ళు అక్కడికక్కడే పన్నును గుంటలో సరిగా అమర్చి, శుభ్రమైన గుడ్డ పెట్టి పిల్లవాణ్ణి మెల్లగా కొరికి పట్టుకోమనవచ్చు. అంత ధైర్యం లేకపోతే చల్లని పాలు ఒక గ్లాసులో పోసి అందులో వేయండి. ప్యాకెట్టు పాలు దొరకని ఊరు ఈ రోజుల్లో లేదు గదా! మంచినీళ్ళలో నానబెట్టడం మాత్రం మంచిది కాదు, ఆ కణాలు ఉబ్బి పగిలిపోతాయి.

ఇదంతా శాశ్వత దంతాల సంగతి. ముందుపళ్ళు 6-8 ఏళ్ళ మధ్య మారతాయి. పాలపన్ను ఊడితే దాన్ని తిరిగి పెట్టకూడదు, లోపల ఉన్న కొత్త పన్ను మొలక దెబ్బ తింటుంది. ఏ పన్నో తేల్చుకోలేకపోతే పాలలో వేసి తెచ్చేయండి, ఆ సంగతి మేము చూసుకుంటాము. దెబ్బ తగిలాక పిల్లవాడు స్పృహ తప్పినా, వాంతులు చేసుకున్నా పంటి సంగతి పక్కన పెట్టి ముందు తలను పరీక్ష చేయించాలి.

మా కుర్రవాడికి గాయం శుభ్రం చేసి, ధనుర్వాతం ఇంజెక్షను ఇచ్చి, పన్నును సెలైనులో వేసి, అనంతపురంలోని ఒక దంతవైద్యుడికి ఫోను చేశాను. ఇక్కణ్ణుంచి గంట పైచిలుకు ప్రయాణం. అప్పటికే ఆలస్యమైనా ఆయన పన్నును గుంటలో పెట్టి, పక్కపళ్ళతో కలిపి సన్నని తీగ కట్టారు. ఆలస్యమైన పన్నును ఎందుకు పెట్టడం అని మీరు అడగవచ్చు. అలాంటి పన్ను ఎముకకు అతుక్కుపోయి, దాని వేరు క్రమంగా కరిగిపోతుంది. అయినా కొన్నేళ్ళపాటు నోట్లో నిలబడి, అక్కడి ఎముకను కాపాడుతుంది. పెరిగే పిల్లలకు అదే చాలా లాభం.

ఇక డబ్బు సంగతి. వాళ్ళు అనంతపురానికి బయలుదేరబోతూంటే పిల్లవాడి మేనమామ నన్ను పక్కకు పిలిచాడు. కుటుంబానికి ఆరోగ్యబీమా పాలసీ ఉందట. "సార్, ఇంగో పిల్లోడు కొట్టినాడంటే కంపెనీవాళ్ళు ఇయ్యరంట. బండిమింద నుంచి పడినాడని రాయండి. ఒక రాత్రి అడ్మిట్ చేసినట్టు గూడా రాస్తే క్లెయిము వస్తాది" అన్నాడు.

రెండూ రాయనన్నాను. మొదటిది అక్కరలేని అబద్ధం. బీమా పాలసీల్లో ప్రమాదం అంటే హఠాత్తుగా, అనుకోకుండా, బయటి వస్తువు వల్ల కలిగిన దెబ్బ. పక్కవాడి బ్యాటు తగలటం నూటికి నూరుపాళ్ళు అదే. దెబ్బ తిన్నవాడు తానై తెచ్చుకున్నది కానప్పుడు, కొట్టింది ఎవరైనా క్లెయిముకు అడ్డు లేదు. పైగా బడి రిజిస్టరులో బ్యాటు దెబ్బ అనీ, నా చీటీలో బండి అనీ ఉంటే ఉన్న హక్కు కూడా పోతుంది.

రెండోదానిలో చిక్కుంది. మన ఆరోగ్యబీమా పాలసీలు చాలావరకు ఆసుపత్రిలో 24 గంటలు పడకమీద ఉంటేనే డబ్బిస్తాయి. ఒక్కరోజులో ముగిసే కొన్ని ఆపరేషన్లకు మినహాయింపు ఉన్నా, మామూలుగా ఓ.పి.లో జరిగే వైద్యం అందులోకి రాదు. పంటి వైద్యమంతా కుర్చీలో కూర్చోబెట్టి చేసేదే. 2020లో వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలో గాయంవల్ల అవసరమైన దంతవైద్యం చేరింది గాని, అదీ ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చు కిందనే. దవడ ఎముక విరిగి ఆపరేషను చేయవలసి వస్తే పాలసీ ఆదుకుంటుంది. పన్ను ఒక్కటే ఊడితే, ఓ.పి. ఖర్చులు కూడా ఇచ్చే షరతు విడిగా ఉందేమో చూసుకోవాలి. లేని పడకను కాగితం మీద వేసి క్లెయిము పెట్టడం మోసం. అది బయటపడితే పాలసీయే రద్దు కావచ్చు. రేపు ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు వస్తే ఏం చేస్తారు?

వ్యక్తిగత ప్రమాదబీమా అని ఇంకొకటి ఉంది. అది ప్రాణం పోయినా, శాశ్వత అంగవైకల్యం కలిగినా ఇంత అని ఇస్తుంది. ఆ పట్టికలో కళ్ళు, కాళ్ళు, చేతులు, వేళ్ళు, వినికిడి ఉంటాయి గాని పన్ను సాధారణంగా ఉండదు. అయితే దానికి వైద్యఖర్చుల షరతు కలుపుకునే వీలుంది. కొన్ని ప్రైవేటు బడులు ఫీజుతోపాటు పిల్లలందరికీ కలిపి ఇలాంటి పాలసీ తీసుకుంటాయి. తల్లిదండ్రులకు ఆ సంగతే తెలియదు. బడిలో చేర్పించేటప్పుడే అడిగి, పాలసీ నకలు తెచ్చుకోండి. మా అనంతపురం జిల్లా 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో ఒకటి. నేడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్యసేవగా ఉన్న ఆ పథకం కార్డు గలవాళ్ళు ముఖానికి పెద్ద దెబ్బ తగిలితే ఆసుపత్రిలోని వైద్యమిత్రను ముందుగా కలవాలి.

జర్మనీలో 1971 నుంచీ బడిపిల్లలందరికీ ప్రభుత్వ చట్టం కిందనే ప్రమాదబీమా ఉంది. బడిలో ఒకడు ఇంకొకడి పన్ను రాలగొడితే ఖర్చు దానిలోంచే వస్తుంది, తల్లిదండ్రులు కొట్టుకోనవసరం లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఒక సంగతి గమనించాలి. అక్కడ పళ్ళ బీమా వేరు, వైద్యబీమా వేరు. కాని ప్రమాదంలో ఆరోగ్యంగా ఉన్న సహజదంతాలకు దెబ్బ తగిలితే చాలా వైద్యబీమా పాలసీలు ఖర్చు భరిస్తాయి.

ఎదుటి పిల్లవాడి తండ్రి చెల్లించాలా? ఇక్కడ చట్టం కొంచెం విచిత్రంగా కనబడుతుంది. పన్ను విరగటాన్నీ కదలటాన్నీ తీవ్రగాయాల జాబితాలో చేర్చారు. పాత శిక్షాస్మృతిలో ఉన్న ఆ మాటే 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 116వ సెక్షనులోనూ ఉంది. అందుకే పన్ను కదిలితే చాలు, మా దగ్గరికి వూండ్ సర్టిఫికెట్టు కోసం వస్తారు. అయితే ఏడేళ్ళలోపు పిల్లలు చేసింది నేరమే కాదు. 7-12 ఏళ్ళ మధ్యవాళ్ళకు తమ పని పర్యవసానం తెలిసేంత పరిపక్వత లేకపోతే అదీ నేరం కాదు. ఇక తండ్రి అయినంత మాత్రాన కొడుకు పనికి డబ్బు కట్టమని చట్టం అనదు, ఆయన నిర్లక్ష్యం కూడా ఉండాలి. కాబట్టి పోలీసుస్టేషనులో దొరికేది తక్కువ. పెద్దమనుషుల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటేనే ఎక్కువ దొరుకుతుంది.

ఆ మాటల్లోనే మనవాళ్ళు పొరపాటు చేస్తారు. వారంలోపల "ఇంత ఇచ్చినాము, ఇంక ఏమీ లేదు" అని కాగితం రాసి సంతకాలు పెట్టేస్తారు. పంటి ఖర్చు వారంలో తేలదు. రెండు వారాలకు తీగ విప్పాలి, వేరులోని నరం చచ్చిపోతే దానికి వైద్యం చేయించాలి, మొదటి ఏడాది నాలుగైదుసార్లూ ఆ తర్వాత కనీసం అయిదేళ్ళపాటు ఏటా ఎక్స్‌రేతో చూపించుకోవాలి. పన్ను నిలవకపోతే ఎముకలో మరబిగించే కృత్రిమదంతం ఎదుగుదల ఆగేదాకా, అంటే సుమారు 18-20 ఏళ్ళ దాకా, పెట్టరాదు. అందాకా తీసిపెట్టుకునే పన్నుతో గడపాలి. అందుచేత ఒప్పందంలో మొత్తం సొమ్ము రాయకండి. రసీదు చూపిన ఖర్చులో మీ వంతెంత, మా వంతెంత, ఎప్పటిదాకా అని రాసుకోండి. ఒకే రసీదు మీద బీమా కంపెనీ దగ్గరా, ఎదుటివాళ్ళ దగ్గరా రెండుసార్లు తీసుకోవటం తగదు. కంపెనీవాళ్ళు అసలు రసీదు అడుగుతారు.

కాగితాల మాట కూడా చెప్పాలి. మొదటిరోజు ఓ.పి. చీటీలో దెబ్బ ఎలా తగిలిందో, ఏ పన్నో, ఏ వేళకో రాయించండి. పెట్టకముందు, పెట్టిన తర్వాత తీసిన ఎక్స్‌రేలు పారేయకండి. కంపెనీకి వెంటనే తెలియజేయండి. వాళ్ళు కాదంటే కారణం రాతమూలకంగా అడగండి. మీ ఫిర్యాదును వాళ్ళు తోసిపుచ్చినా, నెలరోజుల్లో జవాబివ్వకపోయినా, హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా రాసుకోవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. డబ్బు లేదని మాత్రం వైద్యం ఆపకండి. అనంతపురం పెద్దాసుపత్రిలో దంతవిభాగం ఉంది, కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది.

ఆ పిల్లవాడి పాలసీలో ఓ.పి. షరతు లేదు, కంపెనీ నుంచి ఏమీ రాలేదు. రెండిళ్ళవాళ్ళూ చెరిసగం భరించేటట్టు, పిల్లవాడికి ఇరవై ఏళ్ళు వచ్చేదాకా, ఒక కాగితం రాసుకున్నారు. దాని నకలు ఒకటి నా బల్ల సొరుగులో ఉంది. ఆ పన్ను ఇప్పటికి నిలబడే ఉంది గాని, పక్కపన్ను కంటే కొంచెం పొట్టిగా కనబడటం మొదలైంది.