అర్థం భాషది, వేగం యంత్రానిది

మల్టీకోర్ కంప్యూటర్లకు భాషలు, కంపైలర్లు రాసేవాళ్లం మేము. ఈసారి వార్షిక సదస్సులో మా గోష్ఠికి చోటు లేదన్నారు. నిర్వాహకులు చెప్పిన కారణం ఒక్కటే: మా ఫలితాలు రకరకాల యంత్రాల మీదివి, ఏ ఒక్క యంత్రం మీదా రికార్డు వేగం లేదు. అన్నిచోట్లా నడవడమే మా పనిలో లోపమైంది. చోటు దక్కనందుకు బాధపడి ఊరుకునేవాళ్లం. ఆ కారణాన్ని మాత్రం ఒప్పుకోం.

ఈ చిన్నచూపు ఎంత నష్టం చేసిందో ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలుసు. ట్రాన్స్‌ప్యూటర్‌తో పాటే దాని భాష ఆక్కామ్ మరుగున పడింది. ఆ చిప్‌లతోనే 1991లో పుణె సీడాక్ పరమ్ 8000 సూపర్ కంప్యూటర్‌ను కట్టింది. తర్వాతి పరమ్‌లకు ప్రాసెసర్లు మారాయి. సమాంతర ప్రోగ్రామింగ్ భాష ఫోర్ట్రెస్ 2012లో ఆగింది. ఎంఐటీలో పుట్టిన సిల్క్ భాషకు వారసత్వంగా వచ్చిన సిల్క్ ప్లస్‌ను 2018లో జీసీసీ కంపైలర్ తీసేసింది. ఓపెన్ సీఎల్‌కు శ్రీకారం చుట్టిన ఆపిలే అదే ఏడాది దాన్ని వదిలేస్తున్నట్టు ప్రకటించింది. ప్రతిసారీ నష్టపోయింది ప్రోగ్రామర్లే. రాసిందే మళ్లీ రాశారు.

అందుకే మా సూత్రాలు ప్రకటిస్తున్నాం.

ఒకటి: ప్రోగ్రాంలో కోర్ల సంఖ్య కనబడకూడదు. ఏ పనులు ఒకేసారి సాగవచ్చో ప్రోగ్రామర్ చెప్పాలి, పంపకం రన్‌టైం చూసుకోవాలి.

రెండు: ఒక్క కంపెనీ గుప్పిట్లో ఉన్న భాష ఉమ్మడి భాష కాదు.

మూడు: వేగం గురించి చెప్పేవారు కనీసం రెండు భిన్న ఆర్కిటెక్చర్ల మీద కొలిచి చూపాలి.

నాలుగు: మెమరీ క్రమాన్ని భాషే నిర్వచించాలి. మా ప్రాణమంతా ఈ నాలుగోదాని మీదే ఉంది.

ఉదాహరణకు, ఒక థ్రెడ్ ముందు డేటా రాసి, తర్వాత 'సిద్ధం' అని ఫ్లాగ్ పెడుతుంది. రెండో థ్రెడ్ ఆ ఫ్లాగ్ చూసి డేటా చదువుతుంది. ఎక్స్86 చిప్ ఆ రెండు రాతలనూ మిగతా కోర్లకు అదే వరుసలో చూపిస్తుంది. ఆర్మ్, పవర్ చిప్‌ల మీద ఫ్లాగ్ కొత్తది, డేటా పాతది కనబడవచ్చు. ఏళ్ల తరబడి సరిగ్గా నడిచిన ప్రోగ్రాం ఆర్మ్ సర్వర్ ఎక్కాక ఎప్పుడో ఒకసారి తప్పు జవాబిస్తుంది. ఎన్ని పరీక్షలు పెట్టినా ఆ ఒక్కసారి దొరకదు. తప్పు చిప్‌ది మాత్రమే అనలేం, ఆ వరుసను కంపైలర్ కూడా తారుమారు చేయగలదు. భాష సాయం లేకుండా థ్రెడ్లను ఒట్టి లైబ్రరీగా అమర్చలేమని హాన్స్ బోమ్ 2005లోనే చూపించారు. జావా 2004లో తన మెమరీ నమూనాను సరిదిద్దుకుంది, సీ++ 2011లో కొత్తగా రాసుకుంది. అక్కడితో సరిపోదు. ఇలాంటి డేటా రేస్ ఉన్న ప్రోగ్రాంను కంపైలర్ తిరస్కరించాలి. రేస్ లేనిది ఏ చిప్ మీదైనా ఒకే అర్థంతో నడవాలి. ఇది అసాధ్యం అనేవారు రస్ట్ భాషను చూడాలి: సేఫ్ కోడ్‌లో డేటా రేస్ ఉంటే అది కంపైలే చేయదు.

ఇక బతిమాలం. ప్రోగ్రాం అర్థాన్ని చిప్ తయారీదారుల దయకు వదిలేసే ఏ ప్రమాణాన్నీ మేము అంగీకరించం. ఎనిమిది కోర్ల ఫోన్ మీద ఒక విద్యార్థిని రాసిన ప్రోగ్రాం తుపాను దారిని లెక్కగట్టే సూపర్ కంప్యూటర్ మీద అక్షరం మారకుండా నడిచే రోజు రావాలి. ఇంకా పుట్టని యంత్రాలు కూడా ఇవాళ మనం రాసిన దానికి అర్థం మార్చకూడదు. కొత్త చిప్ వచ్చిందని ఏ శాస్త్రవేత్త జీవితకాలపు కోడ్ చెత్తబుట్ట పాలు కాకూడదు. యంత్రాలు ఎన్నైనా రానీ, రాత ఒక్కటే!

మా కంపైలర్‌నూ, ఓడిన చోట్లతో సహా మా కొలతలన్నిటినీ అందరి ముందూ పెడతాం. ఒకే చిప్ కొలతలతో వచ్చే పత్రాలను ఇకపై సమీక్షించం. ఏ సదస్సు పిలిచినా ఈ నాలుగు సూత్రాల మీదే మాట్లాడతాం, పిలవకపోతే సొంతంగా సభ పెట్టుకుంటాం. ఒప్పుకునేవాళ్లు మాతో పాటు సంతకం చేయండి.