పది నిమిషాల పరీక్షకు పవర్‌పాయింట్ సాయం

ఫైనలియర్ ప్రాజెక్టు వైవా కావచ్చు, క్యాంపస్ ఇంటర్వ్యూలో ప్రజెంటేషన్ కావచ్చు, కొత్త ఉద్యోగంలో మొదటి డెమో కావచ్చు. ఏడాది కష్టపడి చేసిన పని గురించి చెప్పుకోవడానికి మనకు దొరికేది పది, పదిహేను నిమిషాలే. దానికోసం ముందురోజు రాత్రంతా కూర్చుని ఏం చేస్తాం? టెంప్లేట్లు మారుస్తాం. అక్షరాలు గిరగిరా తిరుగుతూ వచ్చేలా యానిమేషన్లు పెడతాం. మర్నాడు అందరి ముందు నిలబడ్డాక వాటిలో ఒక్కటీ ఆదుకోదు. ఆదుకునే ఫీచర్లు పవర్‌పాయింట్‌లో వేరే ఉన్నాయి.

నోట్స్ మీకు, స్లైడ్ వాళ్లకు

ఇంగ్లిష్‌లో మాట్లాడితే తడబడతామన్న భయంతో చాలామంది మేటరంతా స్లైడ్ మీదే దించేస్తారు. తర్వాత తెరవైపు తిరిగి చదువుతారు. ఎదురుగా కూర్చున్నవాళ్లకూ చదవడం వచ్చు కదా! స్లైడ్‌లో నాలుగు ముక్కలు ఉంచి, మిగతాది కింద ఉండే నోట్స్‌లో రాసుకోండి. కావాలంటే తెలుగులోనే రాసుకోండి, అడిగేవాళ్లెవరూ లేరు. విండోస్‌లో ఆల్ట్ + ఎఫ్5 నొక్కితే ప్రజెంటర్ వ్యూ వస్తుంది. ప్రొజెక్టర్ మీద స్లైడ్ మాత్రమే పడుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో నోట్స్, తర్వాతి స్లైడ్, గడిచిన టైమ్ కనిపిస్తాయి. నోట్స్ కూడా తెరమీద పడుతుంటే విండోస్ + పి నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకోండి. ప్రొజెక్టర్ లేకపోయినా ఇంట్లో ఇలాగే ప్రాక్టీస్ చేయొచ్చు.

‘ఆ ఏడో స్లైడ్ మళ్లీ చూపించు’

ఎగ్జామినర్ ఇలా అనగానే ఎస్కేప్ కొట్టి, మౌస్‌తో వెతుక్కోవడం మొదలుపెడతాం. అక్కర్లేదు. షో నడుస్తుండగానే 7 నొక్కి ఎంటర్ కొట్టండి, నేరుగా అక్కడికే వెళ్తుంది. ‘బి’ నొక్కితే తెర నల్లగా అవుతుంది, మళ్లీ నొక్కితే స్లైడ్ వస్తుంది. ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు అందరి చూపూ మీ మీద ఉండాలంటే ఇది మంచి ఉపాయం.

అదనపు టేబుళ్లు, టెస్ట్ రిజల్ట్స్ ఉన్నాయా? వాటిని చివర్లో పెట్టి, స్లైడ్ మీద రైట్ క్లిక్ చేసి హైడ్ స్లైడ్ ఇవ్వండి. షోలో కనిపించవు. ఎవరైనా అడిగితే మాత్రం నంబర్ కొట్టి ఎంటర్ నొక్కగానే ప్రత్యక్షమవుతాయి. నంబర్లు ఓ చీటీ మీద రాసి పెట్టుకోండి.

వేరే కంప్యూటర్‌లో తెరిస్తే?

మీ ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా ఉన్న తెలుగు ఫాంట్ కాలేజీ కంప్యూటర్‌లో లేకపోతే అక్కడ వేరే ఫాంట్ వస్తుంది, లైన్లు పక్కకు జరిగిపోతాయి. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ‘ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్’ దగ్గర టిక్ పెట్టండి. కొన్ని ఫాంట్ల లైసెన్స్ దీనికి ఒప్పుకోదు. అందుకే ఒక పీడీఎఫ్ కాపీ కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. యానిమేషన్లు పోతాయి గానీ అక్షరాలు చెక్కుచెదరవు.

ఫోన్‌తో తీసిన ఫొటోలు పెట్టేసరికి ఫైల్ బరువెక్కుతుంది. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే అటాచ్‌మెంట్‌గా వెళ్లదు. ఏదైనా ఫొటో మీద క్లిక్ చేసి, పిక్చర్ ఫార్మాట్‌లో కంప్రెస్ పిక్చర్స్ ఎంచుకోండి. ‘ఈ ఫొటోకు మాత్రమే’ అన్న టిక్ తీసేస్తే అన్నీ ఒకేసారి తగ్గుతాయి.

గడియారం పెట్టి చూసుకోండి

స్లైడ్ షో ట్యాబ్‌లో రిహార్స్ టైమింగ్స్ ఉంటుంది. అది నొక్కి, గదిలో ఒక్కరే అయినా సరే, పైకి మాట్లాడండి. ఏ స్లైడ్‌కు ఎన్ని సెకన్లు పట్టిందో లెక్క చెబుతుంది. సాధారణంగా పరిచయానికే సగం టైమ్ పోయి, మనం సొంతంగా చేసిన పనికి రెండు నిమిషాలు కూడా మిగలదు. మార్కులు ఉండేది అక్కడే. చివర్లో టైమింగ్స్ సేవ్ చేయమంటారా అని అడిగితే నో అనండి. యెస్ అంటే అసలు రోజున మీరు మాట్లాడుతుండగానే స్లైడ్లు వాటంతటవే మారిపోతాయి.

ఇవన్నీ నేర్చుకోవడానికి అరగంట చాలు. ఈసారి ముందురోజు రాత్రి టెంప్లేట్ల జోలికి వెళ్లకుండా, రెండుసార్లు రిహార్సల్ చేసి హాయిగా నిద్రపోండి.