కొల్లేటికి నీటి పద్దు కావాలి!
ఏ కాలువ ఎంత మోసుకొస్తోందో లెక్క తేల్చాకే ఏ నిర్ణయమైనా

కొల్లేటి లోపలి బెడ్డు గ్రామాల, చుట్టూ ఉన్న బెల్టు గ్రామాల ప్రజలకు, చేపల చెరువుల రైతులకు, వల మీద బతికేవారికి, వరి రైతులకు, ఏలూరు, విజయవాడ పట్టణవాసులకు విజ్ఞప్తి.

పాతికేళ్లుగా కొల్లేరు సరస్సు గురించి మన వాదనంతా ఒక్క గీత చుట్టూ తిరుగుతోంది. సరస్సు హద్దు సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున ఉన్న ఐదో కాంటూరా, మూడడుగుల ఎత్తున ఉన్న మూడో కాంటూరా? 1999లో ఐదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రాంసర్ జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు పేల్చారు. మూడో కాంటూరుకు కుదించాలన్న డిమాండును పరిశీలించిన కేంద్ర ప్రభుత్వ అజీజ్ కమిటీ, కుదించవద్దని చెప్పింది. తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంత జరిగినా ఒక ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. ఏడాదికి కొల్లేటిలోకి ఎంత నత్రజని, ఎంత భాస్వరం, ఎంత పురుగుమందు వస్తోంది? అందులో కొల్లేటిలో కలిసే బుడమేరు ఏటి వాటా ఎంత, తమ్మిలేరు వాటా ఎంత, చేపల చెరువులది ఎంత, వరి చేలది ఎంత?

ఈ లెక్క లేకుండా ఒకరినొకరు తిట్టుకుంటున్నాం. చెరువు రైతు విజయవాడ మురుగును చూపిస్తాడు. పట్టణవాసి చెరువుల్లో వేసే మేతను, కోళ్ల ఎరువును చూపిస్తాడు. వల మీద బతికేవాడు ఇద్దరినీ చూపిస్తాడు. ముగ్గురి మాటలోనూ నిజముంది. ఎవరి వల్ల ఎంత అన్నది తేలనంత కాలం, దెబ్బ ఎప్పుడూ బలహీనుడి మీదే పడుతుంది.

కాలుష్య నియంత్రణ మండలి శాంపిళ్లు తీస్తోంది కదా అని మీరు అడగవచ్చు. తీస్తోంది, అది అవసరమే. కానీ ఆ శాంపిల్ చెప్పేది లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాములున్నాయని. ఆ రోజు ఆ కాలువలో ఎన్ని లీటర్లు పారాయో అది చెప్పదు. డెల్టాలో పుట్టినవాళ్లకు క్యూసెక్కులు కొత్త కాదు గనుక ఒక లెక్క వేద్దాం. ఒక మురుగు కాలువలో 100 క్యూసెక్కులు పారుతున్నాయి, లీటరుకు అర మిల్లీగ్రాము భాస్వరం ఉందనుకోండి. రోజుకు సుమారు 122 కిలోల భాస్వరం కొల్లేటిలో పడుతుంది. ఇంకో ఏరులో 2,000 క్యూసెక్కులు పారుతున్నాయి, లీటరుకు 0.2 మిల్లీగ్రామే ఉందనుకోండి. రోజుకు దాదాపు 980 కిలోలు పడుతుంది. శాంపిల్ కాగితం మీద రెండోదే శుభ్రమైన నీరు. కొల్లేటి నెత్తిన ఎనిమిది రెట్లు బరువు పెడుతున్నదీ అదే. ఇవి ఉదాహరణ కోసం వేసిన అంకెలు. అసలు అంకెలు కావాలంటే ప్రతి ఏరు ముఖద్వారం దగ్గర నీటి పారుదలనూ, నీటిలోని పదార్థాలనూ ఒకేసారి కొలవాలి. బరువులో పెద్ద భాగం వరద రోజుల్లో దిగుతుంది. ఎండాకాలంలో ఒకసారి, శీతాకాలంలో ఒకసారి తీసిన శాంపిల్‌కు ఆ రోజులు దొరకవు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి కిందికి వచ్చింది. ఆ కొద్ది రోజుల్లో కొల్లేటిలో ఎంత బురద, ఎంత మురుగు చేరిందో ఇవాళ ఎవరు చెప్పగలరు?

కొలవడం ఒక్కటే చాలదు. నీటితో వచ్చిన ప్రతి పదార్థానిదీ ఒక్కో దారి. నత్రజనిలో కొంత భాగాన్ని బురదలోని సూక్ష్మజీవులు వాయువుగా మార్చి గాలిలోకి వదులుతాయి. భాస్వరానికి ఆ దారి లేదు. అది బురదలోని ఇనుముతో పెనవేసుకుని అడుగున కూర్చుంటుంది. అడుగున ప్రాణవాయువు అయిపోగానే ఆ పట్టు వదిలి మళ్లీ నీటిలోకి లేస్తుంది. అంటే ఇవాళ అన్ని కాలువలూ మూసేసినా, ఎప్పుడో పడిన భాస్వరం ఇంకొన్నేళ్లు పచ్చ తెట్టును, గుర్రపుడెక్కను మేపుతూనే ఉంటుంది. పురుగుమందుల్లో కొన్ని నీటిలో కరిగి ముందుకు పోతాయి, కొన్ని ఒండ్రు రేణువులను పట్టుకుని ఎక్కడ నీరు నెమ్మదిస్తే అక్కడ దిగిపోతాయి. చెరువులో వేసిన మేతలోని నత్రజనిలో పావు నుంచి మూడో వంతు వరకే చేప ఒంటికి పడుతుంది. మిగిలింది నీటిలోకీ బురదలోకీ పోతుంది. చెరువు తోడేటప్పుడు చివర్లో వచ్చే బురద నీళ్లలో ఈ సరుకు బాగా ఎక్కువ. తోడే నీరంతా ఆపక్కర్లేదు, ఆ చివరి నీళ్లను ఒక గుంటలో నిలిపి పేరుకోనిస్తే చాలా బరువు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో చెప్పగలిగేది మోడల్.

మోడల్ అంటే నీటికి రాసే జమాఖర్చు పుస్తకం. వాన ఎంత, చేలోంచి జారింది ఎంత, కాలువలో చేరింది ఎంత, దారిలో తగ్గింది ఎంత, సరస్సులో నిలిచింది ఎంత, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయింది ఎంత అన్నవి రోజువారీగా లెక్కగట్టి, కొలిచిన అంకెలతో సరిచూసుకునే పద్ధతి. దీనికి నూరేళ్ల చరిత్ర ఉంది. ఒహాయో నది మీద పనిచేసిన స్ట్రీటర్, ఫెల్ప్స్ 1925లోనే ఒక సంగతి లెక్కగట్టి చూపారు. మురుగు కలిసిన చోట కాదు, అక్కడి నుంచి కొంత దూరం కిందికి పోయాకే నీటిలో ప్రాణవాయువు అట్టడుగుకు పడిపోతుంది. కొల్లేటిలో చేపలు తేలిపోయిన ప్రతిసారీ ఈ మాట గుర్తుంచుకోవాలి. తేలిన చోట ఉన్న రైతు కారణం కాకపోవచ్చు. ఎన్నో మైళ్ల ఎగువన, రెండు రోజుల క్రితం కలిసిన మురుగు కారణం కావచ్చు.

లెక్కను నమ్మి బాగుపడిన సరస్సు ఉంది. అమెరికాలోని సియాటెల్ పక్కన వాషింగ్టన్ సరస్సులో 1950లలో నాచు పెరిగి నీరు మురికిపట్టింది. ఎడ్మండ్సన్ అనే శాస్త్రవేత్త పట్టణాల మురుగుతో వచ్చే భాస్వరమే కారణమని చెప్పాడు, దాన్ని మళ్లిస్తే సరస్సు తేరుకుంటుందనీ చెప్పాడు. 1958లో ప్రజలు ఓటేసి ఆ ఖర్చుకు ఒప్పుకున్నారు. 1963 నుంచి 1968 మధ్య మురుగు మళ్లించారు. ఆయన చెప్పినట్టే నీరు తేటపడింది. కొల్లేరు అంత లోతైనది కాదు, బురదలో పాత బకాయి ఉంది, కాబట్టి అంత త్వరగా ఫలితం ఆశించకూడదు. అమెరికాలోనే తూర్పు తీరాన ఉన్న చెసపీక్ అఖాతం కథ మనకు ఇంకా దగ్గరిది. ఆరు రాష్ట్రాల, రాజధాని వాషింగ్టన్ నగరం నీళ్లు అందులో పడతాయి. 2010లో మోడల్ ఆధారంగా ఏటా 8.43 కోట్ల కిలోల నత్రజని, 56.7 లక్షల కిలోల భాస్వరం మించకూడదని హద్దు పెట్టి, ఏ రాష్ట్రం ఎంత తగ్గించాలో పంచారు. రైతు సంఘాలు కోర్టుకెళ్లాయి, 2015లో అప్పీలు కోర్టులోనూ ఆ హద్దు నిలబడింది. 2025కల్లా చేరాలనుకున్న గమ్యం వాళ్లు పూర్తిగా చేరలేదు. అయినా ఎక్కడ వెనకబడ్డారో వాళ్లకు తెలుసు. మనకు అదీ తెలియదు.

తెలియకపోతే ఏమవుతుందో ఏలూరు చూసింది. 2020 డిసెంబరులో ఆరు వందల మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చన్నారు. అవి ఏ దారిన మనుషుల ఒంట్లోకి చేరాయో మాత్రం తేలలేదు. ఏ మందు ఏ నెలలో ఏ కాలువ వెంట నడుస్తుందో ముందే లెక్క ఉన్న ఊళ్లో ఆ వెతుకులాట చీకట్లో మొదలయ్యేది కాదు.

ఇప్పుడు ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలంటున్నారు. పోటు నీరు, ఉప్పు పైకి రాకుండా ఆగుతాయి, నిజమే. కానీ నీరు కొల్లేటిలో ఎక్కువ రోజులు నిలిస్తే భాస్వరమూ నిలుస్తుంది. తలుపులు ఏ నెలలో ఎన్ని రోజులు తెరిస్తే ఉప్పు రాకుండా, మురుగు నిలవకుండా ఉంటుంది? కోట్ల రూపాయల కాంక్రీటు పోసేముందు ఈ ప్రశ్నను మోడల్ మీద వంద రకాలుగా అడిగి చూడవచ్చు. పూడిక తీతైనా, గట్లు కొట్టడమైనా, కాంటూరు మార్పైనా అంతే. కట్టాక తెలుసుకోవడం కంటే ముందే తెలుసుకోవడం చాలా చవక.

కంప్యూటర్ లెక్కను ఎలా నమ్మాలన్న అనుమానం న్యాయమైనది. గుడ్డిగా నమ్మమని అడగడం లేదు. ఒక ఏడాది కొలతలతో సరిచేసిన మోడల్, ఇంకో ఏడాదిని ఎంత దగ్గరగా చెప్పిందో అందరి ముందూ పరీక్షించాలి. ఎంత తప్పు వచ్చే అవకాశముందో ప్రతి అంకె పక్కనా రాయాలి. ఎవరూ సరిచూడలేని మోడల్ మనకు వద్దు. నేల మీది నుంచి ఏటిలోకి చేరే నీటిని లెక్కగట్టే స్వాట్ (SWAT) వంటి మోడళ్లు ఉచితంగానే దొరుకుతాయి. ఖర్చంతా కొలతల్లోనే ఉంది, ఆ ఖర్చు తప్పదు.

అందుచేత మేము ప్రభుత్వాన్ని అడుగుతున్నది ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, పెద్ద మురుగు కాలువలన్నీ కొల్లేటిలో కలిసే చోట్లా, ఉప్పుటేరు బయలుదేరే చోటా పారుదలనూ నాణ్యతనూ కలిపి వారం వారం కొలవండి. వరద వచ్చినప్పుడు రోజుకు పలుమార్లు కొలవండి. జలవనరుల శాఖ క్యూసెక్కులు ఒక దగ్గర, కాలుష్య మండలి మిల్లీగ్రాములు ఇంకో దగ్గర ఉంటే లాభం లేదు. రెండింటినీ ఒకే పట్టికలో పెట్టండి. చెరువుల మేత, ఎరువు, నీరు తోడే తేదీల వివరాలు ఊరివారీగా సేకరించండి. రైతు పేరు బయటపెట్టకండి, ఈ వివరాలు జరిమానాలకు వాడబోమని రాతపూర్వకంగా హామీ ఇవ్వండి. ఆ హామీ లేకపోతే ఏ రైతూ నిజం చెప్పడు, అబద్ధపు అంకెలతో కట్టిన మోడల్ ఎవరికీ పనికిరాదు. మోడల్ కట్టే పని మన విశ్వవిద్యాలయాలకు, తాడేపల్లిగూడెం నిట్ వంటి సంస్థలకు అప్పగించి, అంకెలూ లెక్కలూ తెలుగులో ప్రతి పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టండి. ఈ పద్దు తేలేదాకా కొల్లేటి మీద తిరిగి సరిదిద్దుకోలేని నిర్ణయం ఏదీ తీసుకోకండి.

ప్రజలారా, వచ్చే గ్రామసభలో ఈ డిమాండు మీద తీర్మానం చేయించండి. మీ ఊరి కాలువ ఏ రోజు ఏ రంగులో పారిందో, చేపలు ఎప్పుడు తేలాయో, చెరువులు ఎప్పుడు తోడారో ఇవాళ్టి నుంచే తేదీలతో ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచండి. తీర్మానం నకలు జిల్లా కలెక్టరుకు పంపండి, జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.