ఉమ్మడి వీధిలో మూడవ కన్ను

మా కళాశాల ద్వారం బజారు వీధిలోనికి తెరచుకొంటుంది. ఆ వీధికి కాలిబాట ఉన్నచోట అది పండ్ల బండ్లకూ, నిలిపి ఉంచిన మోటారు సైకిళ్లకూ నెలవై ఉన్నది. తక్కినచోట అసలు లేదు. బస్సులు, ఆటోలు, ఆవులు, బడిపిల్లలు, కూరగాయల గంపలు అన్నీ ఒకే దారిన పోవలసినవే. కొన్ని నెలల క్రిందట ఒక సాయంకాలం నా విద్యార్థి ఒకడు ఫోనులో దారి చూచుకొంటూ ద్వారం దాటి, వెనుకకు మళ్లుతున్న ఆటోకు అడుగు దూరంలో ఆగినాడు. అతనిని ఆపినది ఫోను కాదు. ప్రక్కన జామపండ్లు అమ్ముకొనే ముసలమ్మ కేక. మరునాడు తరగతిలో ఆ ప్రసంగం వచ్చినప్పుడు మరొక విద్యార్థి లేచి, “ఇకముందు ఆ భయం ఉండదు మాస్టారూ, కళ్లద్దాలే హెచ్చరిస్తాయి” అన్నాడు. ఆ మాట ఎంతవరకు నిజమో ఆలోచించడానికే ఈ వ్యాసం.

అతడు చెప్పినది ఆగ్మెంటెడ్ రియాలిటీ అనే విద్యను గురించి. తెలుగులో వర్ధిత వాస్తవం అనుకొందాము. ఎదుటి దృశ్యాన్ని చెరపకుండా, దానిమీద బాణాలు, అక్షరాలు, బొమ్మలు చేర్చి చూపడం దీని లక్షణం. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ తలకు తగిలించుకొనే తెరను రూపొందించిననాటి నుండి ఇది పెరుగుతూ వచ్చినది. 2019లో గూగుల్ పటాలలో ప్రవేశించిన లైవ్ వ్యూ, ఫోను కెమెరాలో కనిపించే వీధిమీదనే దారిచూపే బాణాలను నిలిపినది. ఇదే రీతిగా, మీదికి వచ్చే బండిని గుర్తువేసి చూపి పాదచారిని కాపాడవచ్చునని పరిశోధకుల ఆశ. ఆశ మంచిదే. 2022లో మన దేశపు రోడ్లమీద మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఇన్ని ప్రాణాలు పోతూ ఉండగా ఏ సాధనాన్నీ తేలికగా త్రోసివేయరాదు.

కాని ఉమ్మడి వీధి దేనిమీద ఆధారపడి నడుస్తుందో ముందు తెలియవలె. నెదర్లాండ్స్ దేశంలో ‘వూనెర్ఫ్’ అనే వీధులు ఉన్నవి. నివాసపు పెరడు అని ఆ మాటకు అర్థం. 1976లో వాటికి చట్టపు గుర్తింపు కలిగినది. అక్కడ వీధి నడిచేవారిది, ఆడుకొనే పిల్లలది. బండి అతిథివలె మెల్లగా పోవలె. తరువాత హాన్స్ మోండర్మన్ అనే ఇంజనీరు డ్రాఖ్టెన్ పట్టణంలో రద్దీగల కూడలి నుండి సిగ్నలు దీపాలనే తీసివేయించినాడు. గుర్తులు తగ్గితే మనుష్యులు ఒకరినొకరు చూచుకొంటారు, చూచుకొంటే వేగం తగ్గిస్తారు అని ఆయన వాదం. మన ఉమ్మడి కుటుంబం నడిచినదీ అట్లే గదా! గోడమీద నియమావళి ఏదీ వ్రాసి ఉండదు. ఒకరి మొగం ఒకరు చూచి మసలుకొంటారు.

ఈ ఏర్పాటులో లోపమూ అక్కడనే ఉన్నది. చూపు లేనివాడు ఎవరి మొగం చూడగలడు? 2012 ఒలింపిక్ క్రీడలకు ముందు లండన్‌లో ఎగ్జిబిషన్ రోడ్డును ఇట్లా ఉమ్మడి వీధిగా మార్చినప్పుడు, కాలిబాట అంచు లేనిదే తమ చేతికర్రకు దారి తెలియదని అంధులు మొరపెట్టుకొన్నారు. 2018లో బ్రిటిష్ ప్రభుత్వం ఇట్టి సమతల వీధుల కొత్త పథకాలను ఆపి ఉంచుమని స్థానిక సంస్థలను కోరినది.

ఇప్పుడు ఆ కళ్లద్దాల సంగతి చూతము. చూపుమీద నిలిచిన వీధిలో, చూపునే పంచుకొనే సాధనం మేలు చేయగలదా? 1999లో సైమన్స్, షాబ్రి అనే మనశ్శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం ప్రకటించినారు. బంతి ఎన్నిసార్లు చేతులు మారినదో లెక్కపెట్టుమని కొందరికి ఒక చలనచిత్రం చూపినారు. ఆటగాళ్ల నడుమ నుండి గొరిల్లా వేషధారి నడచిపోయినా, చూచినవారిలో దాదాపు సగం మంది గమనించలేదు. కన్ను తెరచి ఉండడం వేరు, చూడడం వేరు. అద్దంమీది బాణాన్ని వెంబడించే కన్ను ఆటోను విడిచిపెట్టవచ్చు. నడిచేటప్పుడు ఫోను దించుమని ఆ లైవ్ వ్యూయే హెచ్చరిస్తుంది. కాపాడవలసిన సాధనమే ఏమరుపాటు కలిగిస్తే, కంచె చేను మేసినట్లే.

దీనికంటె పెద్ద అన్యాయం ఇంకొకటి ఉన్నది. నేడు ప్రమాదం జరిగితే “ఫోను చూస్తూ నడిచినాడు” అంటున్నాము. రేపు “అద్దాలు పెట్టుకొనలేదు” అంటాము. జామపండ్ల ముసలమ్మకు అద్దాలు ఎవరు కొనిపెడతారు? బరువూ వేగమూ బండిది. జాగ్రత్త మాత్రం కాలినడకవానిదా? పాదచారులూ వాహనాలూ కలిసిపోయే చోట్ల వేగం గంటకు 30 కిలోమీటర్లు మించరాదని 2020 నాటి స్టాక్‌హోమ్ ప్రకటన చెప్పినది. ముందు జరుగవలసినది అది.

అయితే ఈ విద్యకు తావే లేదా? ఉన్నది. వీధిని మార్చేముందు, ఆ స్థలంలోనే నిలిచి, రాబోయే రూపాన్ని తెరమీద అంధులకు వివరించి, వృద్ధులకూ వర్తకులకూ చూపి అభిప్రాయం అడుగవచ్చు. బడి ఆటస్థలంలో ఊహాబండ్లను నడిపించి, ఎప్పుడు దాటవలెనో పిల్లలకు అభ్యాసం చేయించవచ్చు; బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికి దగ్గరి బంధువైన కల్పిత వీధితో పిల్లలకు ఇట్టి శిక్షణ ఇచ్చి చూచినారు. చూపు లేనివారికి బొమ్మకు బదులు మాట వినిపించవచ్చు. అనగా దీని స్థానం నడకకు ముందు, లేదా కన్ను లేనిచోట; రెండు కళ్ల మధ్య కాదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఏ యంత్రమూ లేకుండా ఒక సాయంకాలం పిల్లలతో బడి ద్వారం వద్ద నిలువండి. బండివానికి పిల్లవాడు కనబడని మూలలు ఎన్ని ఉన్నవో, ఏ గోడ, ఏ బండి అడ్డు వస్తున్నదో పటం వేయించండి. దానిని పంచాయతీకో పురపాలక సంఘానికో పంపండి. మా విద్యార్థులు ఆ పని మొదలుపెట్టినారు. కళ్లద్దాల మాట చెప్పినవాడే పటం గీస్తున్నాడు. అందులో మొదటి గుర్తు ఆటోలు వెనుకకు మళ్లే చోట పడినది. ఆ చోటు చూపినది ముసలమ్మే.